చేప తినట్లేదు... మందు వెయ్యనా?

పోయిన సెమ్‌లో, ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి అమ్మ ఫోన్ చేసింది. నేను చదువుతున్నానా లేదా అని అడగడానికి కాదు.

"నాన్నా, ఆ పసుపు చేప మూడు రోజులుగా తినట్లేదురా. మేత వేస్తే వస్తుంది, చూస్తుంది, వెనక్కి పోతుంది. ఎప్పుడు చూసినా ఆ రాయి చాటునే ఉంటోంది. నోరు మాత్రం ఏదో నములుతున్నట్టు ఆడిస్తోంది."

ఇంట్లో ఉన్న మూడడుగుల అక్వేరియం నాదే. హాస్టల్లో ఉంచుకోనివ్వరు కాబట్టి పోషణ అమ్మది, పెత్తనం నాది. అర నిమిషంలో తేల్చేశాను. "తినట్లేదంటే జబ్బేనమ్మా. షెల్ఫులో నీలం మందు సీసా ఉంది, దాని మీద రాసినంత వెయ్యి. కొంచెం కల్లుప్పు కూడా వెయ్యి."

"ఒకసారి వీడియో కాల్ చేస్తాను, చూడరా."

"రేపు పరీక్షుంది. వేసెయ్యమ్మా, తగ్గిపోతుంది."

అమ్మ వేసింది. మర్నాడు పొద్దున ట్యాంకులో ఇసక మీద ఏవో గింజల్లాంటివి పడున్నాయట. ఏంటా అని వంగి చూసేలోపే మిగతా చేపలు ఎగబడి తినేశాయి. ఆ సాయంత్రం మన పేషెంటు రాయి చాటు నుంచి బయటకొచ్చి శుభ్రంగా మేత తిన్నది. "నీ మందు పనిచేసిందిరా!" అని అమ్మ సంబరపడింది. నేనూ కాలర్ ఎగరేశాను.

దాదాపు రెండు వారాల తర్వాత, ఏదో చదువుతుంటే ఒక ఫొటో కనపడింది. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. "ఆ రోజు ఇసక మీద పడ్డవి ఏ రంగులో ఉన్నాయి?"

"కందిపప్పు రంగులో. ఆవాల కంటే కాస్త పెద్దవి. ఏం?"

అవి గుడ్లు. మా చేపకి జబ్బేమీ లేదు. అది నోట్లో పిల్లల్ని మోస్తోంది. నా మందు దెబ్బకి మొత్తం ఉమ్మేసింది. నోరు ఖాళీ అయ్యింది కాబట్టి మేత తిన్నది. మేం దాన్నే "తగ్గింది" అనుకున్నాం.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ చివరి వాక్యమే. తప్పు చెయ్యడం ఎవరికైనా జరుగుతుంది. కానీ నా తప్పు నాకు విజయంలా కనపడింది. ఆ ఫొటో కంటపడకపోతే ఈపాటికి జూనియర్లకి "తినకపోతే నీలం మందే, నాది గ్యారంటీ" అని సలహా ఇస్తూ ఉండేవాణ్ణి.

ముందు చేప సంగతి. షాపుల్లో దీన్ని ఎల్లో ల్యాబ్ అంటారు. అసలు పేరు లాబిడోక్రోమిస్ కేరులియస్. కేరులియస్ అంటే లాటిన్‌లో నీలం. పసుపు చేపకి నీలం పేరేంటి అంటే, వీటి సొంతూరు ఆఫ్రికాలోని మలావీ సరస్సు, అక్కడ అన్ని చోట్లా ఇవి పసుపుగా ఉండవు. సిక్లిడ్ కుటుంబం. గట్టి నీళ్లు, ఎక్కువ పీహెచ్ కావాలి. సబ్బు నురగ రాని మా బోరు నీళ్లని ఇంటిల్లిపాదీ తిడతాం కానీ, ఈ చేపకి మాత్రం అవే పుట్టింటి నీళ్లు.

ఆడ చేప గుడ్డు పెట్టిన వెంటనే వెనక్కి తిరిగి నోట్లోకి తీసుకుంటుంది. ఈ జాతుల్లో చాలా మగ చేపలకి కింది వెనక రెక్క మీద గుడ్లలాంటి మచ్చలుంటాయి. ఆడది ఆ మచ్చల్ని కూడా గుడ్లనుకుని నోటితో అందుకోబోతుందనీ, అప్పుడే నోట్లో ఉన్న గుడ్లు ఫలదీకరణ చెందుతాయనీ వోల్ఫ్‌గాంగ్ విక్లర్ అనే శాస్త్రవేత్త 1962లో ప్రతిపాదించాడు. ఆ తర్వాత సుమారు మూడు, నాలుగు వారాలు తల్లికి దాదాపు ఉపవాసమే. మధ్యమధ్యలో గుడ్లని నోట్లోనే తిప్పుతూ ఉంటుంది. అమ్మ చెప్పిన "నమలడం" అదే. పిల్లలు ఈదగలిగాకే వదులుతుంది. ఈలోగా వల వేసి తరిమినా, నీళ్లలో ఏదైనా మారినా భయపడి ఉమ్మెయ్యొచ్చు, మింగెయ్యనూ వచ్చు. తొలిసారి తల్లులైతే మరీను.

మరి నా అనుమానం పూర్తిగా పిచ్చిదా? కాదు. ఇదే జాతులకి మలావీ బ్లోట్ అనే జబ్బొస్తుంది. అందులోనూ మొదట కనపడేవి ఇవే: మేత మానెయ్యడం, ఓ మూల దాక్కోవడం. పట్టించుకోకపోతే కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. అంటే ఒకే లక్షణం వెనక రెండు పూర్తి వ్యతిరేకమైన కారణాలు. ఒకటి చావుకి దారి, రెండోది పుట్టుకకి. రెండింటికీ ఒకే సీసా మూత తీస్తే ఎలా?

జంతువుల ప్రవర్తన మీద పనిచేసి 1973లో నోబెల్ పంచుకున్న నికో టిన్‌బెర్గెన్, ఏ ప్రవర్తన గురించైనా నాలుగు రకాల ప్రశ్నలు అడగాలని 1963లోనే రాశాడు. వాటిలో ఒకటి: ఇలా చెయ్యడం వల్ల ఆ జంతువుకి ఉపయోగమేంటి? "తినకపోతే చేపకి లాభమేంటి?" అన్న ప్రశ్న ఆ రాత్రి నా బుర్రకి తట్టనే లేదు. మామూలుగా లేదంటే చెడిపోయినట్టే అనుకున్నాను.

ఇక్కడ మీలో ఒకరు అంటారు, నాకు తెలుసు: "చూస్తూ కూర్చుంటే చేప చచ్చిపోతే? ఆలస్యం అమృతం విషం కదా!" నిజమే. నిదానమే ప్రధానం అన్నదీ మనవాళ్లే. నా ఉద్దేశంలో రెండూ కలిసే ఉంటాయి. నేను చూడమంటున్నది వారం రోజులు కాదు, పది నిమిషాలు. ఇలా:

మొదట పక్కింటి లైటు చూడాలి. కరెంటు పోగానే మనం చేసే పని అదే కదా. పక్కింట్లోనూ లేకపోతే లైన్‌లో పోయింది, వాళ్లకి ఉంటే మన ఫ్యూజు పోయింది. ట్యాంకులో చేపలన్నీ డీలాపడితే, పైకొచ్చి గాలి గుటకలేస్తుంటే అనుమానించాల్సింది నీళ్లని. అమోనియా, నైట్రైట్ టెస్టు చెయ్యాలి, కొంత నీరు మార్చాలి. మన కెమిస్ట్రీ ఇక్కడ పనికొస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషంగా ఉండే భాగం సుమారు 0.6 శాతమే. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. టెస్టులో అదే అంకె కనపడినా, మలావీ చేపల నీళ్లలో ముప్పు ఎక్కువ.

తేడా ఒక్క చేపలోనే ఉంటే, ఉబ్బు ఎక్కడుందో చూడాలి. దవడ కింద సంచిలా దిగితే గుడ్లు. పొట్ట ఉబ్బితే జబ్బు. మోసే తల్లికి పొట్ట రోజురోజుకీ లోపలికి పోతుంది కూడా.

తర్వాత నోరు, ఊపిరి, మలం. అప్పుడప్పుడు నమిలినట్టు చేస్తూ మిగతా అంతా మామూలుగా ఉంటే ఒక రకం. గసపెడుతూ, తెల్లటి దారంలా మలం వేలాడుతుంటే ఇంకో రకం.

చివరగా, గత వారం ఏం జరిగింది? మగ చేప ఒళ్లు వణికిస్తూ దీని ముందు తిరిగిందా? రోజూ చూసేవాళ్లకే ఇది తెలుస్తుంది.

ఇవన్నీ జబ్బువైపే చూపిస్తే ఆ రోజే ఆ చేపని వేరే తొట్టిలోకి మార్చి వైద్యం మొదలుపెట్టండి. అప్పుడు ఆలస్యం నిజంగానే విషం. వేరే తొట్టి ఎందుకంటే, నేను వేయించిన నీలం మందు, అదే మిథిలీన్ బ్లూ, ఫిల్టర్లో ఉండే మేలు చేసే బాక్టీరియాని కూడా దెబ్బతియ్యగలదు. ఒక చేప కోసం ఊరి చెరువంతా కలిపినట్టవుతుంది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. కారణం తెలియకముందే వేసిన మందు సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. పైగా తర్వాత ఏం జరిగినా ఆ పేరు తనే కొట్టేస్తుంది. ల్యాబులో ప్రోగ్రామ్ రన్ కాకపోతే మనం ఐదు లైన్లు ఒకేసారి మార్చేస్తాం. రన్ అవుతుంది. వైవాలో "ఏ లైను వల్ల?" అని అడిగితే నేల చూపులు చూస్తాం. అక్కడ పోయేది రెండు మార్కులే. ట్యాంకులో ఒక తల్లి మూడు రోజుల ఉపవాసం పోయింది.

ఇంకో మాట. ఆ రాత్రి నాకు కావలసిన సమాచారమంతా అమ్మ ఫోన్లోనే ఉంది. మేత దాకా వచ్చి వెనక్కి పోతోందంది. నోరు నములుతున్నట్టు ఆడిస్తోందంది. నేను "తినట్లేదు" దగ్గరే ఆగిపోయాను. చేపల పుస్తకాలు చదివింది నేను, చేపని చూసింది అమ్మ. చదివినవాడు చూసినవాళ్ల మాట పూర్తిగా వినకుండా మందు చెప్పడం, అదీ హాస్టల్ మంచం మీద నుంచి, అసలు జబ్బు నాది.

జరిగింది అమ్మకి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "పాపం, మూడు రోజులు తిండి మానుకుని మోసిందిరా" అంది, అంతే.

రెండు నెలల తర్వాత మళ్లీ ఫోన్. "తినట్లేదురా. దవడ కింద సంచి దిగింది. పాల లెక్క రాసే క్యాలెండర్లో తేదీ వేశాను. మందు మాట ఎత్తావంటే ఊరుకోను."

ఎత్తలేదు. 20వ రోజున ఇంటికెళ్లి, లైటు ఆర్పేసి, తల్లిని మెల్లగా చిన్న తొట్టిలోకి మార్చాను. 24వ రోజున, నేను ల్యాబులో ఉండగా, వాట్సాప్‌లో వీడియో వచ్చింది. చెయ్యి వణకడం వల్ల సగం మసకే. పిల్లలు పదకొండు ఉన్నాయంది అమ్మ. ఇంకోసారి లెక్కపెడితే తొమ్మిదే వచ్చాయట. సాయంత్రం మళ్లీ లెక్కపెడతానంది.