తేదీ లేని సిఫారసు మాకొద్దు

కోనసీమ రైతుకు గట్టు మీద కొబ్బరి, చేలో వరి. కొబ్బరి సంగతి చూసే అంబాజీపేట పరిశోధన స్థానం వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం కిందిది. వరి సంగతి చూసే మార్టేరు, ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందిది. 2007లో ఉద్యానం వేరుపడింది, 2014లో రాష్ట్రమే రెండయింది. మన పొలం మాత్రం ఒక్కటే. అంటే మనం రెండు విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లు వెతకాలి.

గిట్టుబాటు ధర వదిలేసి వెబ్‌సైట్ల గొడవేమిటని కొందరు అడుగుతారు. ధర కోసం 2011లో పంట విరామమే చేశాం, ఇప్పుడూ వదల్లేదు. కానీ తప్పు మందు కొన్నా పోయేది మన డబ్బే.

దేశంలోని వ్యవసాయ విద్యా సంస్థల పేజీలు కొన్ని తిప్పి చూశాం. పేరు పెట్టం, ఇది ఒక్కరి జబ్బు కాదు. ఒక శాఖ పేజీ ఒక తీరు, పక్క శాఖది ఇంకో తీరు. అధికారుల ఫోటోలు, సన్మానాలు ముందుంటాయి. పురుగు గురించి అడుగున ఎక్కడో ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. ఏ సంవత్సరం రాశారో ఉండదు.

ఆ తేదీ లేకపోవడమే అసలు ప్రమాదం. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మే 13న ఆపింది. కొబ్బరి వేరుకు మోనోక్రోటోఫాస్ పట్టించాలన్నది మన పెద్దలు విన్న సిఫారసు. ఆ మందుకు 2023లో కేంద్రం తెర దించింది, ఉన్న నిల్వలు అమ్ముకోవడానికి మాత్రం వదిలింది. పాత పేజీ చదివిన కుర్రాడికి ఇదంతా ఎలా తెలుస్తుంది? కొబ్బరిని పీడిస్తున్న సర్పలాకార తెల్లదోమ మన దేశంలో బయటపడింది 2016లో. దాన్ని అదుపు చేసేవి ఎన్కార్సియా అనే చిన్న పరాన్నజీవి, ఇసారియా శిలీంధ్రం, వేపనూనె. రసాయనం కొడితే ముందు చచ్చేది ఆ మిత్రపురుగే. 2016కు ముందు రాసిన పేజీలో ఇది ఉండదు కదా! దుకాణంవాడు మాత్రం డబ్బా చేతిలో పెడతాడు.

సిబ్బంది లేరంటారు. ఖాళీలు నింపమని మేమూ అడుగుతున్నాం. పేజీ కింద తేదీ వేయడానికి కొత్త ఉద్యోగి ఎందుకు? అసలు లోపం ముందుచూపు లేకపోవడం. ప్రారంభోత్సవం రోజు వెబ్‌సైట్ కొత్తగా ఉంటుంది, తర్వాత అది ఎవరి పనో రాసి ఉండదు. కాలువ తవ్వి లస్కర్‌ను పెట్టకపోతే ఏమవుతుందో మనకు చెప్పాలా?

శాఖకొక బాధ్యుడు ఉండాలి, అతని పేరు పేజీ మీద ఉండాలి. అన్ని శాఖలకూ ఒకే అమరిక కావాలి, కొబ్బరి పేజీ తెలిసినవాడు వరి పేజీలో తడుముకోకూడదు. పాత సిఫారసును చెరిపేయక్కర్లేదు, "పాతది, వాడవద్దు" అని పైన పెద్ద అక్షరాలతో వేస్తే చాలు. చిరునామా మారితే పాత చిరునామా కొత్తదానికి దారి చూపాలి. అన్నీ తెలుగులో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న లంకల్లో కూడా ఫోన్‌లో తెరుచుకోవాలి.

ఇది బతిమాలి అడిగేది కాదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, సమాచారాన్ని ఎవరూ అడగకుండానే బయటపెట్టాలి, ఏటా సరిచూడాలి, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట కమిటీలు ఈ నెలలోనే రెండు విశ్వవిద్యాలయాలకూ దరఖాస్తులు పెట్టాలి. ఒక్కోదానికి రుసుము 10 రూపాయలు. అడగాల్సింది ఒక్కటే: కొబ్బరి, వరి సిఫారసుల్లో ఒక్కొక్కదాన్నీ చివరిసారి ఎప్పుడు సరిచూశారు, ఎవరు చూశారు?