పెట్టుబడి సాయం పట్టాకా, పంటకా?



మొన్న మా ఊరి కౌలు రైతు ఒకాయన కౌలు పైకం ఇయ్యడానికి పట్నం పోతూ నన్ను తోడు రమ్మన్నాడు. పంజాగుట్టలో బస్సు దిగి, ఆటో పట్టుకొని బంజారాహిల్స్ చేరుకున్నాం. ఆసామి మర్యాదగానే మాట్లాడాడు, చాయ్ ఇప్పించాడు. లేచి వచ్చేటప్పుడు మాత్రం, "వచ్చే ఏడు ఎకరాకు రెండు వేలు పెంచాలె, భూముల రేట్లు పెరిగినయ్ కదా" అన్నాడు. రైతు భరోసా పడేది ఆయన ఖాతాలోనే. కలుపు తీయించేది, మందు కొట్టేది, తడిసిన వడ్లు ఆరబోసుకునేది మా ఊరాయన. బస్సులో ఆయన నన్ను అడిగాడు: "అన్నా, సర్కారు పైసలు పట్టాకా, పంటకా?"

ఈ ప్రశ్న రెండు వందల ఏండ్ల నాటిది. 1817లో ఇంగ్లండు అర్థశాస్త్రవేత్త డేవిడ్ రికార్డో పంట మీద వచ్చేదంతా మూడు వాటాలవుతుందని రాశాడు: కూలీకి కూలి, పెట్టుబడి పెట్టినవాడికి లాభం, భూమిగలవాడికి కౌలు. మంచి భూమి కొంచెమే ఉంటుంది, సాగుకు అడిగేవాళ్లు ఎక్కువమంది ఉంటారు. అందుకని గింజ ధర పెరిగినప్పుడు ఆ మిగులు చివరకు కౌలు రూపంలో ఆసామి చేతికే పోతుందని ఆయన తేల్చాడు. ధాన్యం దిగుమతులకు అడ్డుకట్ట వేసిన 1815 నాటి చట్టాన్ని ఆయన వ్యతిరేకించింది ఇందుకే. ఆయన తర్వాత వచ్చిన జాన్ స్టూవర్ట్ మిల్ ఇంకో అడుగు ముందుకేశాడు. యజమాని చెమట లేకుండా పెరిగే భూమి విలువపై పన్ను వేయాలన్నాడు. బంజారాహిల్స్ ఒకప్పుడు రాళ్ల గుట్టలే. రోడ్డు, నీళ్లు, కరెంటు వచ్చి, ఊరు పెరిగి, గజం ధర పెరిగింది. మిల్ చెప్పింది అర్థం కావడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

మన దగ్గర పద్ధతి తిరగబడింది. 2018 మే 10న మొదలైన రైతుబంధు ఎకరాకు సీజనుకు 4 వేలు, తర్వాత 5 వేలు ఇచ్చింది. ఎన్ని ఎకరాలున్నా పరిమితి పెట్టలేదు. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో 6 వేలు అయింది. 2023 ఎన్నికల్లో కౌలు రైతుకూ ఇస్తామన్న మాట మాత్రం మాటగానే ఉంది.

మరి ఖజానాకు డబ్బు ఎక్కడిది? కౌలు రైతు పురుగుమందు డబ్బా కొంటే 18 శాతం, ఎరువు బస్తా కొంటే 5 శాతం జీఎస్‌టీ కడుతున్నాడు. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పటి పన్నులో తగ్గించుకుంటాడు. రైతుకు ఆ వెసులుబాటు లేదు. మందు, ఎరువు ఉత్పత్తికి పెట్టే ఖర్చే. పన్ను లెక్కలో మాత్రం రైతు సబ్బు కొనుక్కునే వినియోగదారుడే. ఎవరి స్తోమతను బట్టి వాళ్లు పన్ను కట్టాలని 1776లోనే ఆడమ్ స్మిత్ రాశాడు. ఇక్కడ కట్టేటప్పుడు కౌలు రైతు లెక్కలో ఉన్నాడు, పుచ్చుకునేటప్పుడు లేడు.

భూమి కౌలుకిచ్చే వాళ్లంతా ధనవంతులని మేం అనడం లేదు. రెండెకరాలు కౌలుకిచ్చి బతికే ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కాగితం రాస్తే భూమి పోతుందన్న వాళ్ల భయాన్ని కొట్టిపారేయొద్దు. అయితే 2011 భూ అధీకృత సాగుదారుల చట్టం ఆ భయం తీర్చడానికే వచ్చింది. దాని కింద ఇచ్చే రుణ అర్హత కార్డు ఏడాదికే చెల్లుతుంది, యాజమాన్య హక్కును తాకదు. ఆంధ్రప్రదేశ్ 2019లో 11 నెలల ఒప్పందంతో సాగుదారు హక్కు చట్టం తెచ్చింది. అక్కడ ఆసామి సంతకం దొరకడమే కష్టంగా ఉంది.

అందుకే మన డిమాండ్లు మూడు. ఏఈవో పంట నమోదు చేసేటప్పుడు ఎవరు సాగు చేస్తున్నారో ఆ పేరే రాయాలి, ఆ పేరుకే సాయం, బీమా, నష్టపరిహారం అందాలి. పెద్ద ఆసాములకు ఎకరాల పరిమితి పెట్టాలి. ఎరువు, పురుగుమందులపై కట్టిన జీఎస్‌టీని రైతుకు తిరిగి ఇవ్వాలి.

సర్కారు రాసేదాకా కూర్చోవద్దు. వానాకాలం విత్తనాలు పడేలోపు ప్రతి గ్రామ కమిటీ తన ఊరి కౌలు రైతుల జాబితా తయారుచేయాలి. పేరు, సర్వే నంబరు, ఎకరాలు, పంట రాసి, గ్రామసభలో చదివి, తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. మా ఊరి జాబితాలో మొదటి పేరు ఆ బస్సులో ప్రశ్న అడిగినాయనదే.