ఏ ఎండకా గొడుగు: గూబేర్ గారి రాజకీయ ప్రస్థానం

పుదుచ్చేరి సముద్రతీరం వెంబడి సాగే రాజవీథి పేరు గూబేర్ అవెన్యూ. పట్టణం నడుమనున్న పెద్ద అంగడి పేరు గూబేర్ మార్కెట్టు. 1879 నాటి రైలుమార్గం మీద విల్లుపురం నుండి బండిలో వచ్చి దిగిన మన సోదర ఉద్యోగి ఎవరైనా "ఎవరీ గూబేర్?" అని అడిగితే, "ఫ్రెంచివారి చేతి నుండి ఈ గడ్డను భారతదేశంలో కలిపిన మహనీయుడు" అనే సమాధానం సులువుగా దొరుకుతుంది. ఈ సమాధానంతోనే మాకు పేచీ.

ఈ పట్టణంలో స్వాతంత్ర్యోద్యమానికి ప్రాణం పోసినది కోర్టు గదులు కావు, నూలు మిల్లులు. 1936 జూలై 30న సమ్మెలోనున్న మిల్లు కార్మికులపై ఫ్రెంచి ప్రభుత్వ బలగాలు కాల్పులు జరిపినవి. పన్నెండుగురు కార్మికులు నేలకొరిగారు. ఆ నెత్తురు పారిస్ వరకు వినిపించినది. అక్కడ అధికారంలోనున్న లియాన్ బ్లూమ్ పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం ఇక మౌనంగా ఉండలేకపోయినది. కార్మిక నాయకుడు వి. సుబ్బయ్య ఫ్రాన్సు వెళ్లి వాదించారు. 1937 ఏప్రిల్ నాటి శాసనంతో ఫ్రెంచి ఇండియా కార్మికునికి ఎనిమిది గంటల పనిదినం, సంఘం పెట్టుకొనే హక్కు చట్టబద్ధంగా దక్కినవి. అప్పటికి బ్రిటిషు ఇండియాలో ఫ్యాక్టరీ కార్మికునికి ఎనిమిది గంటల పనిదినం లేదు.

ఈ పోరాటంలో ఎదువార్ గూబేర్ పేరు మనకు కనిపించదు. 1894లో పుదుచ్చేరిలోనే జన్మించిన మిశ్రమ సంతతి వ్యక్తి ఆయన. ఫ్రెంచి న్యాయశాస్త్రం ఎరిగినవాడు. కోర్టు కొలువులో కాగితాల మర్మమూ మనుషుల బలహీనతలూ రెండింటినీ ఆకళించుకొని రాజకీయాలలో ప్రవేశించాడు. 1947లో, దేశమంతటా మువ్వన్నెల జెండా ఎగిరిన సంవత్సరంలో, ఆయన ఫ్రెంచి ఇండియా సోషలిస్టు పార్టీని స్థాపించాడు. పేరులో సోషలిజం ఉన్నది. ఆచరణలో ఆ పార్టీ ఫ్రెంచి యూనియన్ నీడను వదలరాదని పట్టుబట్టినది. 1948 అక్టోబరు పురపాలక ఎన్నికలలో ఆ పార్టీకి భారీ మెజారిటీ లభించినది. 1951లో గూబేర్ ఫ్రెంచి జాతీయసభకు డిప్యూటీగా ఎన్నికై పారిస్ లో ఆసనమలంకరించాడు.

ఆ ఎన్నికలు ఏ తీరున జరిగినవో ఆనాటి కార్మికులకు బాగా తెలుసు. విలీనం కోరినవాడు వీధిలో నడవడమే సాహసమైన రోజులవి. 1950 జనవరిలో సుబ్బయ్య గారి ఇంటిని దుండగులు తగులబెట్టారు. ఇంటిని కాల్చిన చేతులను అరికట్టవలసిన అధికారం సోషలిస్టు పార్టీ పెద్దల అండన చల్లగా కూర్చున్నది.

మరి గూబేర్ విలీనవాది ఎప్పుడయ్యాడు? 1949లో కస్టమ్స్ ఒప్పందం రద్దయి భారత ప్రభుత్వం సరిహద్దు బిగించిన తరువాత, పుదుచ్చేరి బంగారం, వజ్రాల దొంగరవాణాకు పేరుమోసినది. కొందరు కుబేరులైనారు, నేతగాడు నూలు లేక పస్తులున్నాడు. తుదకు ఫ్రెంచి అధికారులే సోషలిస్టు నాయకుల లావాదేవీలపై విచారణకు పూనుకున్నారు. తెల్లదొర ఆదరం చేదైన ఆ ఘడియలోనే గూబేర్ గారికి మాతృభూమి జ్ఞాపకం వచ్చినది! 1954 మార్చి 18న కౌన్సిలర్లు, మేయర్లు రెఫరెండం లేకుండా వెంటనే విలీనం కావాలని తీర్మానించారు. ఆ నెలాఖరున నెట్టపాక్కంలో భారత పతాకం ఎగిరినది, అక్కడ గూబేర్ ముందు వరుసలో నిలిచాడు. నిన్నటివరకు ఏ జెండాను దించమన్నాడో దానినే ఎగురవేశాడు.

ఇక్కడ మేము న్యాయం తప్పరాదు. ఆ ఫిరాయింపు వలన ఫ్రెంచివారి కాలిక్రింది నేల కదలినది, రక్తపాతం తగ్గినది. ఇది నిజం. కాని ఆ నేల అప్పటికే బీటలు వారినది. మే 7న వియత్నాంలో దియన్ బియన్ ఫూ కూలిపోయినది. జూన్ లో ప్రధాని పదవికి వచ్చిన మెండెస్ ఫ్రాన్స్ వలసల భారం దించుకోజూశాడు. మునుగుతున్న ఓడ నుండి ముందుగా దిగడం తెలివి కావచ్చు, త్యాగం మాత్రం కాదు.

త్యాగం ఎలా ఉంటుందో మన తెలుగు యానాం చూపినది. దడాల రఫేల్ రమణయ్య పుదుచ్చేరి పోలీసు ఉద్యోగి. నెల జీతం, పింఛను వదలుకొని విలీనోద్యమంలో దూకినవాడు. ఆయన నాయకత్వాన 1954 జూన్ 13న యానాం విముక్తమైనది. ప్రభుత్వోద్యోగం వదలుకోవడం అంటే ఏమిటో ఈ బులెటిను చదివే పాఠకులకు మేము వివరించనవసరం లేదు.

అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు వోటు వేశారు. 170 మంది విలీనాన్ని సమర్థించారు, 8 మంది వ్యతిరేకించారు. నవంబరు 1న పాలన భారతదేశానికి దక్కినది. ఫ్రాన్సు పూర్తి ఆమోదం లభించి 1962 ఆగస్టు 16న చట్టరీత్యా బదిలీ ముగిసినది. గూబేర్ అప్పటికే కాంగ్రెసు ఖద్దరు ధరించాడు. 1963 జూలై 1న శాసనసభ ఏర్పడగా ముఖ్యమంత్రి పీఠం ఎక్కాడు. 1964 ఎన్నికల తరువాత ఆ కాంగ్రెసే సెప్టెంబరులో ఆయనను ప్రక్కకు నెట్టి వెంకటసుబ్బారెడ్డియార్ ను ఆ పీఠంపై కూర్చోబెట్టినది. గొడుగులు మార్చే విద్య నేర్చినవారికి వానలో గొడుగు లాక్కునే శిష్యులు దొరకడం వింత కాదు. 1979లో ఆయన మరణించాడు. వీథి పేరు మిగిలినది.

ఆ వీథి పేరు మార్చమని మేము కోరుట లేదు. పేర్లు మార్చడం పాలకులకు చౌకైన విలాసం. మా ఆందోళన వేరు. పన్నెండుగురి ప్రాణాలతో వచ్చిన ఎనిమిది గంటలు నేడు మన కళ్లముందే జారిపోతున్నవి. 2023 ఏప్రిల్ లో తమిళనాడు ప్రభుత్వం పన్నెండు గంటల పనికి తలుపు తెరచే బిల్లును ఆమోదింపజేసి, కార్మికులు కన్నెర్రజేయగా మే దినాన ఉపసంహరించుకొన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు దినానికి పది గంటలకు దారి వేసినవి. అదే సంవత్సరం నవంబరు 21న నాలుగు లేబరు కోడ్లు అమలులోకి వచ్చినవి. పుదుచ్చేరిలో సమ్మె చేసిన తరాల మిల్లులలో ఒకటైన ఏ.ఎఫ్.టి. 2020లో మూతపడినది. రైల్వేలో లోకో సిబ్బందికి ఎనిమిది గంటల డ్యూటీ అన్నది 1974 సమ్మె కోర్కెలలో ఉన్నది, నేటికీ ఇంజనులో కూర్చున్నవాడు గంటలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. పోస్టాఫీసులో ఉత్తరాల వేరుబాటు ముగిసేసరికి బల్ల ముందున్న సోదరికి ఇంటి దీపం ఆరిన వేళవుతున్నది.

ఇట్టి సమయంలో మన సంఘాల చుట్టూ కూడా గూబేర్లు తిరుగుతారు. నిన్న కోడ్లను పొగడినవారు, ఎన్నికల గాలి మారగానే వేదికనెక్కి కార్మికుని భుజం మీద చెయ్యి వేస్తారు. రానిద్దాం, వారి వోటు మనకు అక్కరకు వస్తే పుచ్చుకుందాం. కాని కోర్కెల పత్రాన్ని వారిచేత వ్రాయించవద్దు, సంప్రదింపుల బల్ల దగ్గర మన కుర్చీని వారికి ఇవ్వవద్దు. ఈ జూలై 30న ప్రతి శాఖ తన నోటీసు బోర్డు మీద 1936, పన్నెండు, ఎనిమిది గంటలు అనే మూడు మాటలను పెద్ద అక్షరాలతో వ్రాసిపెట్టవలసినదిగా కోరుతున్నాము. ఆ రోజు డ్యూటీ రోస్టరును కూడా ప్రక్కనే అతికించండి. ఎన్ని గంటలు పనిచేసినదీ అందరూ చూస్తారు.