సీటుకి ఇంగ్లిష్... బతుక్కి జర్మన్!

హాలహర్వి పిల్లలకు రెండు భాషలు ఆడుతూ పాడుతూ వచ్చేస్తాయి. ఇటు ఆదోని వెళితే తెలుగు, అటు బళ్లారి బస్సెక్కితే కన్నడం. ఎవరూ కోచింగ్ ఇప్పించరు. మరి జర్మనీలో చదువు అనగానే మూడో భాషకు బెంబేలెత్తడం ఎందుకు?

జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో 2023-24 నాటికే మన దేశం వాళ్లది మొదటి స్థానం. దాదాపు 49 వేల మంది! అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేకపోవడమే అసలు ఆకర్షణ.

ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. ఏడాది జీవన వ్యయాన్ని వీసాకు ముందే 'బ్లాక్డ్ అకౌంట్'లో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని 11,904 యూరోలు చేశారు. రూపాయల్లో పది లక్షలకు పైమాటే. వాన మీద ఆధారపడి పత్తి, వేరుశనగ వేసే ఇంట్లో అదంటే పొలమో, అమ్మ నగలో తాకట్టుకు వెళ్లడమే.

ఇక భాష సంగతి. ఎం.ఎస్. కోర్సులు ఇంగ్లిష్‌లో చాలానే ఉన్నాయి. వాటికి ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్ష సరిపోతుంది. డిగ్రీ చదువులు మాత్రం ఎక్కువగా జర్మన్‌లోనే. అందుకు టెస్ట్‌డాఫ్, డీఎస్‌హెచ్ లాంటి పరీక్ష గట్టెక్కాలి. ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో నాలుగైదు ఎక్కితే గానీ ఇవి లొంగవు.

'మాది ఇంగ్లిష్ కోర్సే కదా' అనుకునేవాళ్లకే అసలు చిక్కు. పాఠం ఇంగ్లిష్‌లో ఉంటుంది. అద్దె ఒప్పందం, చిరునామా నమోదు కాగితం, బీమా ఉత్తరం జర్మన్‌లో వస్తాయి. 2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోవచ్చు. భాష రాకపోతే ఎక్కువగా దొరికేది గోదాములో పెట్టెలు సర్దే పనే. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువిస్తారు. ఇంటి అప్పు తీరేదీ లేనిదీ తేలేది అప్పుడే. ఏ1 పుస్తకం అప్పుడు తెరిస్తే ఏం లాభం?

జర్మన్ మరీ కొరకరాని కొయ్యేం కాదు. ఇంగ్లిష్‌లో అందరికీ 'యూ' ఒక్కటే. జర్మన్‌లో నువ్వుకు 'డూ', మీరుకు 'జీ' ఉన్నాయి. ఎవరిని ఏమనాలో మనకు వేరే చెప్పాలా? 'ఎందుకంటే' అని మొదలెడితే క్రియ వాక్యం చివరికి వెళుతుంది, అచ్చం తెలుగులోలాగే. తిప్పలూ ఉన్నాయి. 21ని 'ఒకటీ ఇరవై' అంటారు. సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం!

18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చుకున్నాడు. స్వదేశం వెళ్లాక హాలే పట్టణంలో 1740ల్లో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. అక్కడివాళ్లకు మన భాష వచ్చినప్పుడు, మనవాళ్లకు వాళ్ల భాష రాదా?

వెళ్లే ఆలోచన ఉంటే డిగ్రీ రెండో ఏడాదిలోనే మొదలుపెట్టించండి. హైదరాబాద్‌లో గోథే సెంట్రం ఉంది. అంతదూరం పంపలేకపోతే డాయిష్ వెల్లే ఉచిత పాఠాలు ఫోన్‌లోనే దొరుకుతాయి. రోజుకో గంట చాలు. కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు మాత్రం పిల్లల్ని ఒక్కమాట అడగండి... 'జర్మన్‌లో నీ గురించి నాలుగు ముక్కలు చెప్పు' అని!