మామిడి కింద బండలు వద్దు, పూలమొక్కలు కావాలి

హోసూరు, కృష్ణగిరి పక్కన మనవాళ్ళ పాత ఇళ్ళు చూస్తే పెరట్లో ఒక మామిడో, వేపో, రెండు కొబ్బరిచెట్లో కనిపిస్తాయి. ఇప్పుడు ఆ చెట్ల కింద నేల సిమెంటు బండల కిందికి పోతోంది. కారు నిలపాలి, ఊడ్చే పని తగ్గాలి అన్నవి కారణాలు. మా ఇంట్లోనూ అన్నదమ్ముల మధ్య ఈ మాట నడుస్తోంది. మా పక్షం ఇదీ: చెట్టు కింద నేలను పూలపొదలకు వదలాలి.

మొదట చెట్టు సంగతి. నీరు, సారం పీల్చే సన్నవేళ్ళు ఎక్కువగా మూరెడు లోతు పైమట్టిలోనే ఉంటాయి. కొమ్మల అంచు దాటి కూడా పాకుతాయి. వాటికి నీళ్ళతోబాటు గాలీ కావాలి. మొదలుదాకా బండలు పరిస్తే వాననీళ్ళు వీధికి పోతాయి, కొన్నేళ్ళకు వేరు లావై బండలనే లేపుతుంది. ఇక కారు మాటంటారా, మామిడి పూత కాలంలో తేనెమంచు పురుగు కార్చే జిగురంతా దాని మీదే పడుతుంది.

నీడలో పూలు పూయవని కొందరంటారు. మల్లె, మందారం విషయంలో అది నిజమే, వాటికి ఎండ కావాలి. కనకాంబరం, నందివర్ధనం, డిసెంబరాలు, నూరువరహాలు మాత్రం కొమ్మల సందున పడే ఎండతోనే పూస్తాయి. అయితే ఏ చెట్టు కింద ఏది అన్నది చూసుకోవాలి. మామిడికి పూతకు ముందు, అంటే కార్తీకం నుంచి పుష్యం దాకా, నేల కాస్త ఎండాలి. అప్పుడు రోజూ నీళ్ళు పోస్తే చెట్టు చిగురు తొడుగుతుంది, పూత తగ్గుతుంది. అందుకని తడి కోరే కనకాంబరాన్ని కొబ్బరి దగ్గర పెట్టాలి. కొబ్బరి వేళ్ళు చాలామట్టుకు మొదలునుంచి 2 మీటర్ల లోపే ఉంటాయి గనక ఆ మేర వదిలి నాటితే చాలు. మామిడి కింద, కొమ్మల అంచుకు దగ్గరగా, ఒకసారి వేరూనితే తక్కువ నీటితో బతికే నందివర్ధనం, డిసెంబరాలు మేలు.

నైరుతి వానలు మొదలయ్యాక నాటితే కార్తీకానికి మొక్క నిలదొక్కుకుంటుంది. పెద్ద కుండీ మొక్క తెచ్చి పెద్ద గుంత తవ్వొద్దు, జానెడు గుంతలో పట్టేంత చిన్న మొక్క చాలు. బొటనవేలంత లావు వేరు తగిలితే కోయకుండా గుంతనే పక్కకు జరపండి. మొదలు చుట్టూ కొత్తమన్ను పోస్తే బెరడు కుళ్ళుతుంది. రాలిన ఆకును మొక్కల మధ్య పరవండి, మానుకు మాత్రం తగలనీయొద్దు.

పొదలుంటే పాములొస్తాయని మా ఇంటి ఆడవాళ్ళ భయం. దాన్ని కొట్టిపారేయలేం. పొదను నడుము ఎత్తు దాటనీయకుండా, కింది కొమ్మలు తీసేసి నేల కనబడేలా ఉంచాలి. మధ్యలో నడిచే దారి వదలాలి. ఆ మాత్రం పని చేయలేని ఇంట్లో పొదలు పెట్టకపోవడమే మంచిది.

మాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. మన పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు వాళ్ళకు ఇంటి మాటే. నందియావట్టై అంటే తెలుస్తుంది, నందివర్ధనం అంటే మన మొహం చూస్తారు. తమిళం పేరు తెలియడం మంచిదే, ఈ నేల భాష గదా అది. మరి రెండో పేరు ఎక్కడ నేర్చుకుంటారు? మామిడికాయ కోయడం పెద్దవాళ్ళ పని. పూలపొద పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటుంది. “పూజకు నాలుగు నందివర్ధనాలు కోసుకురా నాయనా” అని అవ్వ రోజూ కేకేస్తుంటే ఆ పేరు నోట నిలుస్తుంది. పుస్తకంలో చూపించి నేర్పితే నిలవదు.

కారుకు వీధివైపు ఖాళీ ఉంది, బండలు అక్కడికే ఆపుదాం అన్నది మా మాట. మీ పెరట్లో ఇంకా నేల మిగిలి ఉంటే ఈ వానలకే ఒక మొక్క పెట్టండి. మీ ఇంట్లో దాన్ని ఏ పేరుతో పిలుస్తారో పిల్లలకు చెప్పండి, మాకూ రాయండి.