నెలసరి వాయిదా మాత్రకు ముందు ఒక్క ప్రశ్న

శ్రావణ శుక్రవారాలు, గృహప్రవేశాలు, తిరుమల ప్రయాణాలు. వీటికి ముందు మన ఇళ్లలో గుట్టుగా కొనుక్కొచ్చేది ఒకటుంది. నెలసరి వాయిదా మాత్రలు. డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన మందు అది. మనం మాత్రం తలనొప్పి బిళ్ల అడిగినంత తేలిగ్గా అడుగుతాం, కొందరు షాపువాళ్లూ అంతే తేలిగ్గా ఇచ్చేస్తారు. సెలవు పెట్టి పూజకు కూర్చునే సాఫ్ట్‌వేర్ అమ్మాయి చేతిలో అమ్మో అత్తగారో పెడతారు.

చాలామందికి ఏమీ కాదు, నిజమే. కానీ ఇవి హార్మోన్ మాత్రలు. రక్తం త్వరగా గడ్డకట్టే స్వభావం ముందే ఉన్న కొద్దిమందికి ఇవి ప్రమాదం పెంచవచ్చు. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరవచ్చు. అరుదుగా మెదడులోని సిరల్లోనే గడ్డకట్టవచ్చు.

అలా మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిన 428 మంది వివరాలను మన నిమ్స్ డాక్టర్లు 2002 నుంచి 2010 దాకా నమోదు చేసి ప్రచురించారు. వాళ్ల సగటు వయసు 31. మన హైటెక్ సిటీ ఆఫీసుల్లో కూర్చునే పిల్లల వయసే! సగానికి పైగా మగవాళ్లు. రక్తహీనత, మద్యం, గర్భనిరోధక మాత్రలు, బాలింతతనం వంటివి అందులో కనిపించాయి. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని బాలింతను దాహంతో మాడ్చే పెద్దలు ఇది గమనించాలి. ఒంట్లో నీరు తగ్గితే ఈ ముప్పు పెరుగుతుంది.

సంబంధం చూసేటప్పుడే షుగరు, బీపీ ఆరా తీస్తాం. అదే నోటితో ఇది కూడా అడుగుదాం: "మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా?" వరసగా గర్భం పోతున్న కోడలికి దిష్టి తీసి ఊరుకోవద్దు. కొందరిలో దానికి కారణం యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే గడ్డకట్టే జబ్బు. రక్తపరీక్షల్లో బయటపడుతుంది. డాక్టరు పర్యవేక్షణలో తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లు తీసుకుని చాలామంది తల్లులవుతున్నారు.

ఇక తలనొప్పి సంగతి. గచ్చిబౌలిలో ఎవరికి తల నొప్పి వచ్చినా కంప్యూటర్ వల్లే అంటాం. మునుపెన్నడూ లేనిది, రోజురోజుకీ పెరిగేది, పడుకుంటే ఎక్కువయ్యేది, వాంతులో చూపు మసకో తోడయ్యేది అయితే ఆలస్యం చేయకండి. ఫిట్స్ వచ్చినా, ఒకవైపు చేయో కాలో పడిపోయినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఒకే పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే. వేసుకుంటున్న మాత్రల పేర్లు దాచకుండా చెప్పాలి. మామూలు సీటీ స్కాన్‌లో ఒక్కోసారి ఇది దొరకదు. సిరలను చూపే ఎంఆర్ వెనోగ్రామ్ అవసరమవుతుంది. సమయానికి కనిపెడితే ముందు హెపారిన్, తర్వాత కొన్ని నెలలు రక్తం పలచబరిచే మాత్రలు. చాలామంది కోలుకుంటారు.

నా మాట ఒక్కటే. వాయిదా మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది ఆ అమ్మాయీ, ఆమె డాక్టరూ తేల్చుకోవాలి. బంధువులు కాదు. వరలక్ష్మీ వ్రతం ఆ శుక్రవారం కుదరకపోతే మరో శ్రావణ శుక్రవారం చేసుకోవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే కదా!