నడుముకు ఉండాల్సిన బెల్టు

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ దగ్గర ఒక పెద్దాయన చెప్పులు కుడుతుంటాడు. బడులు తెరిచిన జూన్, జూలై నెలల్లో ఆయన ముందు చెప్పులకన్నా స్కూలు బ్యాగులే ఎక్కువ కనిపిస్తాయి. మొన్న మా అమ్మాయి బ్యాగు పట్టుకెళ్లాను. కుడి పట్టీ పైన, బ్యాగుకు అతికే చోట పూర్తిగా ఊడిపోయింది. ఆయన బ్యాగును ఒక చేత్తో లేపి చూసి మళ్లీ కింద పెట్టాడు.

"బ్యాగు మంచిగనే ఉంది సార్. పట్టీ ఏం జేస్తది? బరువంత గీ రెండు కుట్ల మీదనే పడ్తది" అన్నాడు.

లోపలి వైపు ఒక తోలు ముక్క వేసి, ఆరెతో పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టాడు. కుట్టాక పట్టీని రెండు చేతులా గుంజి చూశాడు. తృప్తి కలగలేదేమో, ఇంకో వరస కుట్టి మళ్లీ గుంజాడు. తెగేది పిల్ల భుజం మీద అని ఆయనకు తెలుసు.

స్కూలు బ్యాగు ఎంత బరువుండాలో తెలంగాణ ప్రభుత్వం 2017లోనే చెప్పింది. ఒకటి, రెండు తరగతులకు పుస్తకాలతో కలిపి కిలోన్నర, పదో తరగతికి ఐదు కిలోలు. మా అమ్మాయి చదివేది ఐదో తరగతి. ఇంటికొచ్చి బ్యాగును కాటా మీద పెడితే ఐదు కిలోలు దాటింది. పదో తరగతి పిల్లలు మోయాల్సిన దానికన్నా ఎక్కువ. దాని గురించి ఇంకోసారి రాస్తాను. ఆ పెద్దాయన దగ్గర కూర్చున్న పావుగంటలో వచ్చిన మరో ఇద్దరి గురించి ఈ వారం చెప్పాలి.

ఒకాయన కొలికి ఊడిన తోలు బెల్టు తెచ్చాడు. ఎలా ఊడిందని పెద్దాయన అడగలేదు. బెల్టు తెచ్చినాయనే నవ్వుతూ చెప్పాడు: "పోరడు మాట వింటలేడు, రెండు తగిలించిన." రెండోవాడు స్కూటర్ దిగకుండానే హెల్మెట్ చాచాడు. గదవ కింద క్లిప్పు విరిగి నాలుగు నెలలైందట. అన్నాళ్లూ పట్టీ గాల్లో ఊగుతుంటే అలాగే తిరిగాడు. స్కూటర్ ముందు భాగంలో, అతని మోకాళ్ల మధ్య, మూడేళ్ల పాప అద్దం కాడ పట్టుకుని నిలబడి ఉంది. తల మీద ఏమీ లేదు. నడుముకూ ఏమీ లేదు.

ఇద్దరూ తండ్రులే. పిల్లల మీద ఎవరి ప్రేమనూ నేను శంకించను. కానీ ఆ పూట నుంచి ఒక మాట నన్ను వదలడం లేదు. పిల్లల మీద ఎత్తకూడని బెల్టును ఎత్తుతున్నాం, పెట్టాల్సిన బెల్టును పెట్టడం లేదు.

నాకిది బయటి సంగతి కాదు. మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. ఆయన ఒంటి మీద రెండు తోలు పట్టీలు ఉండేవి. ఒకటి డబ్బుల సంచిది. ఎడమ భుజం మీదుగా కుడి నడుముకు దిగేది. చెమటకు నానీ నానీ దాని నలుపు ఖాకీ చొక్కాకు అంటుకుని, ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. మా ముగ్గురి చదువు ఆ పట్టీ మీదే నడిచింది. రెండోది నడుముకు. ఏడో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల్లో నాకు లెక్కల్లో పద్నాలుగు మార్కులొచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు చూసి నాన్న ఏమీ అనలేదు. నడుము దగ్గర చెయ్యి పెట్టాడు. బెల్టు ఒక్కో లూపులోంచి జారే ఆ సర్రుమనే చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. కొలికి తగిలిన చోట పిక్క మీద చర్మం లేచింది. అమ్మ పసుపు అద్దుతూ "నీ మంచికే కదరా" అంది.

మంచి ఏం జరిగిందో చెబుతాను. ఆ తర్వాత యూనిట్ టెస్టుకు నాకు లెక్కలు రాలేదు, నాన్న సంతకం పెట్టడం వచ్చింది. బడి పూర్తయ్యేదాకా ఏ తప్పు చేసినా, దాన్ని దిద్దుకోవడం కన్నా ముందు ఎలా దాచాలా అని ఆలోచించేవాణ్ని. మా వీధిలో నా ఈడు పిల్లలందరిదీ దాదాపు ఇదే కథ. "తోలు తీస్తా", "వీపు విమానం మోత మోగిస్తా" అన్న మాటలు మేం భయపడుతూ విన్నాం. పెద్దయ్యాక అవే మాటలు ముద్దుగా వాడుకుంటున్నాం. అందుకే నాకు బాధ. తిన్న దెబ్బను మురిపెంగా చెప్పుకునేవాడు రేపు తన బిడ్డను కొట్టడానికి వెనకాడడు.

మన వీధిబళ్లలో కోదండం ఉండేది. దూలానికి తాడు కట్టి, పిల్లవాడి చేతులు దానికి తగిలించి వేలాడదీసేవారు. తాతలు దాన్ని నవ్వుతూ చెబుతారు. వేలాడుతున్నప్పుడు వాళ్లు నవ్వి ఉండరు. తెల్లదొరలు 1864లో కొరడా శిక్షకు ఒక చట్టమే చేశారు. దొంగతనం చేసినవాడికైనా కొరడా వద్దని స్వతంత్ర భారతం 1955లో ఆ శిక్షనే ఎత్తేసింది. బడిలో దెబ్బలను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దేశమంతటికీ అదే మాట చెప్పింది. దొంగకు తప్పింది, బడిపిల్లకు తప్పింది. మన ఇంట్లో, తలుపు వెనక మేకుకు మాత్రం బెల్టు వేలాడుతూనే ఉంది.

ఇది మనకొక్కరికే పట్టిన జబ్బు కూడా కాదు. స్కాట్లాండ్‌లో లోఖ్‌గెల్లీ అనే ఊరు ఉంది. గుర్రపు జీన్లు చేసే పనివాళ్లు అక్కడ బడుల కోసం ప్రత్యేకంగా దళసరి తోలు పట్టీలు కోసేవారు. కొసన రెండు మూడు చీలికలుండేవి. చెయ్యి చాపమని అరచేతి మీద కొట్టేవారు. తమ పిల్లలకు ఆ దెబ్బ వద్దని ఇద్దరు తల్లులు పట్టుబట్టి యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లారు. 1982లో గెలిచారు. తర్వాత ఐదేళ్లకు అక్కడి ప్రభుత్వ బడుల్లో ఆ పట్టీ పోయింది. పట్టీ లేకపోతే పిల్లలు చెడిపోతారని అక్కడా అన్నారు.

"మరి హద్దు వద్దా?" అని అడిగేవాళ్లుంటారు. కావాలి. కానీ పెద్దల చేతికీ హద్దు కావాలి. మనిషిని పట్టీలతో కట్టడానికి కూడా చట్టం హద్దు పెట్టింది. మానసిక చికిత్సాలయాల్లో రోగిని ఎప్పుడు కట్టవచ్చో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా రాసింది. గొలుసులు ఏ రూపంలోనూ వేయకూడదు. తనకో పక్కవారికో అప్పటికప్పుడు హాని జరగబోతుంటే, ఆపడానికి వేరే దారి లేకపోతేనే, అవసరమైనంతసేపే కట్టాలి. శిక్షగా కట్టకూడదు. మనుషులు చాలడం లేదని కట్టకూడదు. ఈ చివరి మాట చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. పదహారు గంటల డ్యూటీ చేసి వచ్చినవాడికి బిడ్డను కూర్చోబెట్టి అడిగే ఓపిక ఎక్కడిది? ఆ అలసటే చాలాసార్లు బెల్టు పట్టుకుంటుంది. దాన్ని నేను అర్థం చేసుకోగలను, ఒప్పుకోలేను.

పెట్టాల్సిన బెల్టు మాటకొస్తే, అది మన చేతిలో పని. నాలుగేళ్లలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే, పట్టీలున్న రక్షణ జాకెట్ తొడిగి, ఆ పట్టీలు నడిపేవాళ్ల ఒంటికి కట్టుకోవాలి. తొమ్మిది నెలలు దాటిన పసివాళ్లకు హెల్మెట్ ఉండాలి. బండి వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. కేంద్రం ఈ నిబంధన 2022 ఫిబ్రవరిలో ప్రకటించింది, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. నాలుగేళ్లు దాటితే బండెక్కినవారికి హెల్మెట్ తప్పనిసరి. పట్టీ బిగించకపోతే అది పెట్టుకున్నట్టు కాదని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. పొద్దున ఎనిమిదికి మూసారాంబాగ్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఈ రోడ్డు మీద నిలబడండి. తండ్రి తల మీద ఊగే హెల్మెట్, తల్లి ఒడిలో పసివాడు, మధ్యలో ఇద్దరు బడిపిల్లలు. పట్టీ ఉన్నదల్లా బ్యాగులకే.

ఇదే రోడ్డున ఎల్బీ నగర్, హయత్‌నగర్ దాటి వెళ్తే అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడ వస్తుంది. 2024 జూలై 14న ముఖ్యమంత్రి అక్కడే గీత కార్మికులకు, చెట్టెక్కేటప్పుడు పడకుండా పట్టి ఉంచే కాటమయ్య రక్షణ కవచాలు పంచడం మొదలుపెట్టారు. మోకు జారి తాటిచెట్ల మీంచి పడి నడుములు విరిగిన కుటుంబాలు తెలంగాణలో ఏ ఊళ్లో అడిగినా ఉంటాయి. గీత కార్మికుడు చెట్టెక్కే ముందు తన మోకును తానే తడిమి చూసుకుంటాడు. పడితే ఏమవుతుందో అతనికి తెలుసు. పిల్లలకు మనం నేర్పాల్సిన భయం ఆ తెలివిడిలాంటిది. నాన్న చెయ్యి నడుము దగ్గరికి పోతే వణికే భయం నుంచి ఆ తెలివి రాదు.

పక్కింట్లో బెల్టు చప్పుడు వినిపిస్తే 1098కి ఫోన్ చేయండి, అది పిల్లల కోసమే ఉన్న నంబరు. కానీ అక్కడిదాకా పోకుండా ఆగే చోటు ఒకటుంది. మా ఇంట్లో లాగే చాలా ఇళ్లలో దెబ్బలు పడేది ప్రోగ్రెస్ కార్డు ఇచ్చిన సాయంత్రమే. మా ప్రాంతంలోని టీచర్లందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను. తల్లిదండ్రుల్ని పిలిచి కార్డు చేతికిచ్చే ముందు ఒక్క మాట అనండి: "దీనికోసం పిల్లను కొట్టకండి, ఏం రాలేదో నేను చూసుకుంటాను." గేటు దాకా వచ్చి, హెల్మెట్ క్లిప్పు పెట్టాకే బండి కదలమనండి.

మా లెక్కల సారు ఆ రోజు నాన్నతో ఆ ఒక్క మాట అని ఉంటే నాన్న వినేవాడు. బస్సులో టీచర్లెవరైనా ఎక్కితే, సీటు చూపించి, వాళ్లు కూర్చున్నాకే టికెట్ అడిగేవాడాయన.